పండ్లు పీకిన పట్టకారు

నేను ఒక పట్టకారును. నన్ను కొలిమిలో కాల్చి సాగదీసిన పొద్దున ఆకాశం మబ్బు పట్టి, ఇదిగో వాన అన్నట్టు ఊరించి, మధ్యాహ్నానికి ఉత్త ఎండైపోయింది. ఎడ్ల కాళ్ళకు కొట్టిన పాత నాడాల మేకులు పీకడానికి కమ్మరి లక్ష్మాచారి నన్ను చేశాడు. ఎద్దు తన్నేది, నేను మేకు లాగేదాన్ని. మా మధ్య పగ లేదు.

తర్వాత ఊళ్ళో జ్వరాలు వచ్చాయి. పిల్లలు పోయారు. పెంటవ్వ బాణామతి చేస్తోందన్నారు. మొగుడు లేనిది, ఊరి చివర ఉండేది, తనలో తాను గొణుక్కునేది. అంతకు మించి రుజువు ఎవరూ అడగలేదు. నోట్లో పండ్లు లేకుంటే మంత్రం తిరగదని మనుషుల లెక్క. నన్ను అడిగారు, లక్ష్మాచారి ఇచ్చాడు. ఎద్దును పట్టినట్టే ఆమెను కింద పడేసి పట్టారు. మేకు కన్నా పన్ను గట్టిదని ఆ రోజే తెలిసింది. జ్వరాలు మాత్రం వానలు వెలిశాకే తగ్గాయి.

ఏళ్ళు గడిచాయి. ఊరు మరిచిపోయింది. పెంటవ్వకు ఆ వీలు లేదు, రోజూ అన్నం తినాలి గదా. వక్కను చిన్న రోట్లో దంచుకుని నోట్లో వేసుకునేది. మనవరాలు మంజుల బడిలో వంట చేసేది. పిల్లలు పళ్ళెం ఊడ్చి తినేవాళ్ళు.

అప్పుడు టీవీ సీరియల్ వాళ్ళు వచ్చారు. రాసే ఆయన పెంటవ్వ ముందు కూర్చుని అంతా విన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. "నీ కథ లోకానికి చెప్తానమ్మా" అన్నాడు. లక్ష్మాచారి కొడుకు వీరాచారి దగ్గర్నుంచి నన్ను తీసుకుపోయి, నల్లరంగు పూసి, 'యమదంష్ట్రిక' అని పేరు పెట్టారు. సీరియల్లో ఊరు నిజం, జ్వరాలు నిజం, రోలూ నిజమే. ఒక్కటే మార్చారు. అందులో ముసలమ్మ నిజంగానే మంత్రగత్తె. పీకిన పండ్లను రోట్లో దంచి, ఆ పొడి తినిపించి మనవరాలికి తన విద్య ఇస్తుంది.

నన్ను తిరిగి ఇచ్చేసరికి ఊరంతా ఆ కథ చూసేసింది. పెంటవ్వ వక్క దంచితే పక్కింటి ఆగమయ్య తలుపు వేసుకున్నాడు. పిల్లలు బడికి ఇంటి నుంచి అన్నం డబ్బాలు తెచ్చుకున్నారు. ఇంతలో ఆగమయ్య కొడుక్కు జ్వరం పట్టుకుంది.

మర్నాడు పొద్దెక్కాక ఆగమయ్య మరి ముగ్గురితో కొలిమి ముందు నిలబడ్డాడు.

"చారీ, పట్కారియ్యి."

"ఏ ఎద్దుకు?"

"పరాచికాలాడకు. ముసల్దాని ఇద్దె మనవరాలి నోట్లకొచ్చింది. నా కొడుకు కండ్లు తెరుస్తలేడు."

"దవాఖానకు తీస్కపో. టీవీల జూసి మాట్లాడ్తవేందిరా?"

"టీవోళ్ళు మనూరు చూపెట్టిన్రు, నీ పట్కారు చూపెట్టిన్రు. గంత నిజం చెప్పినోళ్ళు గిదొక్కటి అబద్ధం చెప్తరా?"

వీరాచారి కొలిమి ముందు నుంచి లేచాడు. "మా నాయన ఇచ్చిండు. నేనియ్య" అని నన్ను నడుముకు దోపుకుని బయల్దేరాడు. నలుగురూ వెనకే వచ్చారు. అతను తల వంచి పెంటవ్వ ఇంట్లోకి దూరాడు.

"అవ్వా, ఆకలైతుంది. ఇంత అన్నం పెట్టు."

పెంటవ్వ అతని నడుము దగ్గర నన్ను చూసింది. ఆమె చేయి నోటి మీదికి పోయింది. మంజుల మూడు కంచాల్లో వడ్డించింది. ముగ్గురూ కూర్చున్నారు. గుమ్మం అవతల నలుగురూ నిలబడి చూస్తున్నారు. వీరాచారి పెద్ద పెద్ద ముద్దలు తిన్నాడు. పెంటవ్వ మెతుకులు చేత్తో మెదిపి మింగింది. మంజుల నమిలింది, పెదాలు విప్పకుండా, పన్ను కనబడకుండా.