ఫోటోకి తెరిచిన తలుపు

పదిన్నరకు ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే ఆ ప్రభుత్వ హైస్కూల్లో ఆడపిల్లలు ఆటస్థలానికి పరుగెత్తరు. వెనక గోడవైపు పరుగెత్తుతారు. అక్కడ రెండు పాత మరుగుదొడ్డి గదులున్నాయి. ఒకదానికి తలుపే లేదు. రెండోదానికి రేకు తలుపుంది గానీ గడియ లేదు. లోపలికెళ్ళిన పిల్ల ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. ఇంటర్వెల్ పది నిమిషాలు. పిల్లలు మూడు వందల మంది. తలుపు ఒకటి. ఈ లెక్క ఏ మాస్టారూ నల్లబల్ల మీద వేసి చూపించలేదు. పిల్లలే మోచేతులతో వేసుకునేవారు.

జుట్టు పట్టి లాగడం, గోళ్ళతో రక్కడం, ముందున్నదాని కాలు తొక్కడం, ఇవన్నీ అక్కడ రోజూ ఉండేవే. వాటి మధ్య బెత్తం పట్టుకుని ఆయా నిలబడేది.

"వరసలో రండే! గొర్రెల మందలా ఒకదాని మీద ఒకటి పడతారేంటి!" అంటూ పిక్కల మీద వాయించేది. ఎవరికి తగిలిందో చూసుకునే తీరిక ఆమెకు లేదు. ఎవరు కొట్టారో చూసుకునే తీరిక పిల్లలకూ లేదు.

అక్కడ ఒక కట్టుబాటుండేది. ముందు పదో తరగతి, తర్వాత తొమ్మిది, ఆ తర్వాతే మిగతావాళ్ళు. ఆరో తరగతి పిల్లల వంతు వచ్చేలోపు బెల్లు కొట్టేసేవారు. అందుకని చిన్నపిల్లలు చాలామంది పొద్దున లేచింది మొదలు మంచినీళ్ళు తాగడమే మానేశారు. ఆ సంగతి వాళ్ళ తల్లులకు తెలియదు. పిల్లలు ఇంటికి రాగానే మార్కులెన్నొచ్చాయని అడుగుతాం. అన్నం తిన్నావా అని అడుగుతాం. ఈ మాట మాత్రం మనలో ఎంతమందిమి అడిగాం?

పాత గదులకు ఇరవై అడుగుల దూరంలో కొత్త కట్టడం ఉంది. తెల్లటి పలకల గోడలు, ఎనిమిది గదులు, ప్రతి గదికీ గట్టి ఇనుప తలుపు, గడియ. బయట వరసగా చేతులు కడుక్కునే తొట్లు. అది కట్టి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళుగా దానికి తాళం వేసే ఉంది.

తాళంచెవి ఆయా నడుముకు వేలాడేది. పిల్లలు ఆమెను తాళాలమ్మ అని పిలిచేవారు. ఆ కట్టడానికి మ్యూజియం అని పేరు పెట్టారు. "తాళాలమ్మా, నీ మ్యూజియానికి టికెట్టు ఎంత?" అని టీచర్లు కూడా నవ్వుతూ అడిగేవారు. ఆమె కూడా నవ్వేసేది.

ఆమె చెడ్డ మనిషి కాదు. భర్త పోయాక ఆ బడిలో ఇరవై రెండేళ్ళు చాకిరీ చేసింది. ఒక్క రోజు ఆలస్యంగా రాలేదు, ఒక్క సుద్దముక్క ఇంటికి పట్టుకెళ్ళలేదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, చెప్పులు బయట విప్పి, కాళ్ళు కడుక్కుని ఆ కొత్త కట్టడంలోకి వెళ్ళేది. ఎవరూ వాడని గదుల్ని నేల నుంచి పైదాకా కడిగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ తాళం వేసేది. పూజగదిని కూడా ఆమె అంత భక్తిగా తుడవలేదేమో. శుభ్రం ఉన్నచోట దేవుడుంటాడని ఆమె నమ్మకం. పిల్లల్ని గెంటేసి తాళం వేసుకున్న శుభ్రంలో దేవుడు ఉంటాడా అన్న ప్రశ్న ఆమెకు ఎప్పుడూ రాలేదు.

హెడ్మాస్టరు కూడా చెడ్డవాడు కాదు, భయస్థుడు. అంతకుముందు ఆయన పనిచేసిన బడిలో కొత్త కుళాయిల్ని పిల్లలు వారం తిరక్కుండా విరగ్గొట్టారు. పైఅధికారి ఆయన్ని పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు. అప్పటినుంచి కొత్త వస్తువు కనబడితే చాలు, ఆయన చెయ్యి తాళం కోసం వెతుక్కునేది. "కొన్నాళ్ళు ఆగుదాం. పిల్లలకి కాస్త బుద్ధి రానీ" అని రెండేళ్ళుగా అంటూనే ఉన్నాడు.

అధికారులు వచ్చిన రోజు మాత్రం తలుపు తెరిచేవారు. తొట్ల మీద కొత్త సబ్బులు పెట్టేవారు. బట్టలు శుభ్రంగా ఉన్న ఎనిమిది మంది ఆడపిల్లల్ని ఏరి, కుళాయిల కింద చేతులు పెట్టించి, నవ్వమని చెప్పి ఫోటో తీసేవారు. జీపు గేటు దాటగానే ఆయా కుళాయిలు కట్టేసి, సబ్బులు ఏరుకుని, పిల్లల్ని బయటికి తోలేది.

ఒక సోమవారం అధికారులొచ్చినప్పుడు తీసిన ఫోటోలో ఆయా మనవరాలు కూడా ఉంది. తొమ్మిదో తరగతి. తల్లి పోయాక అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది.

అదే వారం గురువారం పొద్దున, బడి వరండాలో ఆ పిల్ల అమ్మమ్మ కొంగు పట్టుకుంది.

"అమ్మమ్మా, ఇవాళ ఒక్కసారి తాళం తియ్యవా? నాకు బాగోలేదు."

ఆయాకు అర్థమైంది. పిల్లకు నెలసరి. "అయితే ఇంటికి పో. సెలవు చీటీ రాయిస్తాను."

"లెక్కల పరీక్షుంది."

"అయితే ఓర్చుకో తల్లీ. నీకొక్కదానికి తీశాననుకో, మనవరాలికో న్యాయం, మిగతావాళ్ళకో న్యాయమా అని నా మొహానే ఉమ్ముతారు."

"నాకొక్కదానికే తియ్యమన్నానా? అందరికీ తియ్యి."

చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయాకు తల తీసేసినట్టయింది. చెంప పగిలేలా కొట్టింది. పిల్ల చెంప పట్టుకుని అమ్మమ్మ మొహంలోకి ఒక్క క్షణం చూసి, తరగతిలోకి వెళ్ళిపోయింది.

ఇంటర్వెల్‌లో ఆ పిల్ల అందరికంటే ముందు పరుగెత్తి రేకు తలుపు గదిలోకి దూరింది. ఆ వెనకే పదో తరగతి పిల్లలు వచ్చారు. వాళ్ళలో ముందున్నది వెల్డింగు మేస్త్రి కూతురు. తరగతిలో మొదటి మార్కు తనదే. ఇంట్లో పెద్దల మాటకు ఎదురు చెప్పి ఎరగదు. కానీ పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి బిగబట్టుకుని ఉంది. అలా బిగబట్టుకున్న మనిషిలో మంచితనం ఎంతసేపు నిలుస్తుంది?

"ఏయ్, లోపలెవరే? ఇది మా వంతు!"

"ఒక్క నిమిషం అక్కా."

"ఓహో, తాళాలమ్మ మనవరాలివా? మీ అమ్మమ్మ మ్యూజియం ఉందిగా, పోయి అక్కడ కూర్చో!"

అందరూ గొల్లున నవ్వారు. మేస్త్రి కూతురు తలుపును ఒక్క తన్ను తన్నింది. లోపలి పిల్ల అడ్డం పెట్టుకున్న కాలు జారింది. మేస్త్రి కూతురు లోపలికి చెయ్యి దూర్చి, జడ చేతికి చుట్టుకుని, ఆ పిల్లను అలాగే బయటికి ఈడ్చింది. బట్టలైనా సరిచేసుకోనివ్వలేదు. ఆ అవతారంలో, బట్టల మీద నెత్తుటి మరకతో, ఆ పిల్ల నూరుమంది ముందు మట్టిలో పడింది. వెనక నుంచి ఎవరో "ఛీ" అన్నారు. ఎవరో నవ్వారు.

పక్కనే ఇనుప బాల్చీ ఉంది. ఆ పిల్ల లేస్తూనే దాన్ని రెండు చేతులా ఎత్తింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది చెవి మీద. మూడోసారి బాల్చీ అంచు కనుబొమ్మను చీల్చి కంటిరెప్పదాకా దిగింది.

ఆయా వచ్చేసరికి మేస్త్రి కూతురు గోడకు జారగిలబడి ఉంది. కన్ను మూసుకున్న వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతిదాకా కారుతోంది. ఆయా మనవరాలిని బెత్తంతో కొట్టింది. వీపు మీద, చేతుల మీద, ఎక్కడ తగిలితే అక్కడ కొట్టింది. పిల్ల ఏడవలేదు. "కొట్టు, ఇంకా కొట్టు" అంది. డ్రిల్లు మాస్టారు దెబ్బ తగిలిన పిల్లను స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అరగంట గడవకముందే వెల్డింగు మేస్త్రి వచ్చాడు. పని మధ్యలోంచి వచ్చాడేమో, చేతిలో ఇనుపకమ్మీ అలాగే ఉంది. దారిలో కనబడ్డ కిటికీ అద్దాన్నల్లా పగలగొట్టుకుంటూ నడిచాడు. తరగతుల్లో పిల్లలు బల్లల కింద దూరారు. హెడ్మాస్టరు అడ్డం వస్తే చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆయన కళ్ళజోడు కిందపడి అతని కాలికిందే నలిగిపోయింది.

"ఎక్కడ ఆ పిల్ల? నా కూతురి కన్ను పొడిచిన చెయ్యేదో నాకు చూపించండి!"

ఆ కేక వినగానే ఆయా మనవరాలి రెక్క పట్టుకుని పరుగెత్తింది. కొత్త కట్టడం తాళం తీసి, పిల్లను లోపలికి తోసి, తలుపు మూసి దానికి వీపు ఆన్చి నిలబడింది. పొద్దున అవసరమని బతిమాలితే తెరుచుకోని తలుపు, దాచుకోవడానికి తెరుచుకుంది.

మేస్త్రి వచ్చేశాడు. "తప్పుకో, ముసలమ్మా!"

"తప్పుకోను నాయనా. కొడితే నన్ను కొట్టు."

అతను నిజంగానే కొట్టాడు. అడ్డం పెట్టిన ముంజేయి మీద కమ్మీ పడి ఎముక విరిగిన చప్పుడు వినబడింది. ఆమె కుప్పకూలింది. అతను ఆమెను దాటి, తలుపు తన్ని లోపలికి వెళ్ళాడు. పిల్ల చివరి గది మూలలో ముడుచుకుని ఉంది. గది తలుపును ఎడమ చేత్తో బార్లా తోసి, కుడి చేత్తో కమ్మీ ఎత్తాడు.

తోసిన చేతికింద ఏదో కరకరలాడింది. తలుపు గడియ మీద చుట్టిన ప్లాస్టిక్ కవరు.

అతను దానివంక చూశాడు. పక్క గది గడియ చూశాడు, ఆ పక్కది చూశాడు. అన్నిటి మీదా కవరు అలాగే ఉంది. ఎత్తిన చెయ్యి దానంతటదే దిగింది.

"ఇవి నేను చేసిన గడియలు" అన్నాడు. ఆ గొంతు అప్పటిదాకా అరిచిన గొంతు కాదు. "ఆడపిల్లలు వాడేవని, వేలు నొక్కుకోకూడదని అంచులన్నీ దగ్గరుండి అరగదీశాను. రెండేళ్ళయింది. కవరు తియ్యలేదేంటి?"

ఆయా చేతిని గుండెకు హత్తుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. "ఎవరూ వాడలేదు నాయనా."

"నా కూతురు ఇక్కడికే కదా వచ్చేది?"

"రాదు."

"మరి ఎక్కడికి వెళ్తుంది?"

ఆమె కిటికీ వైపు చూసింది. కిటికీలోంచి పాత గది, గడియ లేని రేకు తలుపు, దానిముందు మట్టిలో ఇంకా తడి ఆరని నెత్తురు కనబడుతున్నాయి. మేస్త్రి అటు చూశాడు. తర్వాత కమ్మీ వదిలేసి, ఆ తెల్లటి నేల మీద కూలబడి, రెండు చేతులతో తల బాదుకుని ఏడ్చాడు.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో ఒకే గదిలో ఇద్దరికీ మంచాలు దొరికాయి. మేస్త్రి కూతురి కనుబొమ్మకు పదకొండు కుట్లు పడ్డాయి. చూపు పోదు, కానీ ఆ కన్ను ఇదివరకటిలా పూర్తిగా తెరుచుకోదని డాక్టరమ్మ చెప్పింది. ఆయా చేతికి కట్టు కట్టారు. మనవరాలు అమ్మమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఎవరివైపూ చూడడం లేదు.

హెడ్మాస్టరు రెండు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఒకటి మనవరాలిని బడినుంచి పంపించేస్తూ రాసిన టీసీ. రెండోది మేస్త్రి మీద పోలీసు ఫిర్యాదు, ఆయా వేలిముద్ర కోసం.

"ఇలాంటి పిల్లను బడిలో ఉంచుకుంటే రేపు తల్లిదండ్రులకు నేనేం సమాధానం చెప్పాలి?" అన్నాడు.

కూతురి పక్కన కూర్చున్న మేస్త్రి తలొంచుకుని, "నామీద రాయండి సారూ. నేను ఒప్పుకుంటాను" అన్నాడు.

మంచం మీది పిల్ల కట్టు కిందనుంచి మెల్లగా అంది. "ముందు నేనే జుట్టు పట్టుకుని లాగాను నాన్నా. ఆగమని అడిగింది. నేనే ఆగలేకపోయాను."

కిందకూర్చున్న పిల్ల అప్పుడు ఏడ్చింది. దెబ్బలకు రాని ఏడుపు ఆ ఒక్క మాటకు పొంగుకొచ్చింది. లేచి, మంచం దగ్గరికి వెళ్ళి, "అక్కా, అక్కా" అనడం తప్ప ఇంకేమీ అనలేకపోయింది.

ఆయా ఆ ఇద్దరినీ చూసింది. తన బెత్తం తగిలిన పిక్కలు ఎన్ని ఉంటాయో ఆమెకు మొదటిసారి గుర్తొచ్చింది. రోజూ తెల్లవారుజామున తను కడిగింది రాళ్ళనీ పలకలనీ అనిపించింది. తను కాపాడింది ఎవరినీ కాదు.

"నేను వేలిముద్ర వెయ్యను సారూ" అంది. "వేస్తే ముందు నామీద రాసిన కాగితం మీదే వెయ్యాలి. ఈ పిల్లకి టీసీ ఇస్తే నాక్కూడా సెలవిప్పించండి. దాని చేతికి బాల్చీ ఇచ్చింది నేనే. పది నిమిషాల్లో మూడు వందల మందిని ఒక్క తలుపు ముందుకు తోలి, కొట్టుకోవద్దని మళ్ళీ నేనే కొట్టాను. రోజూ కొట్టి కొట్టి, బలమున్నవాళ్ళదే వంతు అని నేర్పాను. వాళ్ళు బాగానే నేర్చుకున్నారు."

కళ్ళజోడు లేని హెడ్మాస్టరు మొహం ఒక్కపూటలో పదేళ్ళు పెద్దదైనట్టుంది. ఆయన టీసీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఫిర్యాదు కాగితాన్ని చింపేశాడు.

"రేపటినుంచి తెరుద్దాం" అన్నాడు. గుమ్మందాకా వెళ్ళి, పాత భయం వదలక వెనక్కి తిరిగాడు. "కానీ ఆయమ్మా, పిల్లలు గదా. నాల్రోజుల్లో కుళాయిలు విరగ్గొడితేనో?"

"విరగనివ్వండి సారూ" అంది ఆయా. "కుళాయి విరిగితే ఇంకోటి తెచ్చి బిగించుకుంటాం. ఈ పిల్ల కన్ను ఎక్కడినుంచి తెచ్చి బిగిస్తాం?"