ఒకటో ప్లాట్‌ఫాం అలవాటు

నేను పళ్ళు కడతాను. డాక్టర్ని కాదు. డాక్టరు నోటి కొలత తీసి పంపిస్తే, ఆ కొలతకి మైనంలో పళ్ళు పేర్చి, సెట్టు చేసి వెనక్కి పంపేవాణ్ణి. ఎవరు నవ్వినా నాకు ముందు పళ్ళే కనిపిస్తాయి. మా పెళ్ళి ఫొటో చూసినప్పుడల్లా ఆవిడ ఎడమ కోరపన్ను గురించి మాట్లాడతానని మా ఆవిడ నన్ను ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది.

మా ఊరు రెండు మహానగరాలకి సరిగ్గా మధ్యలో ఉంది. తూర్పు నగరానికి రైల్లో గంటా పావు, పడమటి నగరానికీ గంటా పావే. ఇక్కడికి ఎవరూ ముచ్చటపడి రారు, నగరంలో అద్దెలకి జడిసి వస్తారు. మేమూ అలాగే వచ్చాం. అంతకుముందు తూర్పు నగరంలో మా బావమరిది షాపు మీదున్న ఒక్క గదిలో ఉండేవాళ్ళం. కింద బస్టాపు. తలుపు తీస్తే పొగ, మూస్తే ఉక్క. మా అమ్మాయికి మూడేళ్ళు నిండకుండానే ఉబ్బసం పట్టుకుంది. గాలి మారిస్తే తప్ప మందులు పనిచేయవన్నాడు డాక్టరు. అలా ఈ ఊళ్ళో మూడు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాం. వెనక పెరడు, పెరట్లో రేకుల షెడ్డు, అందులో నా చిన్న అరగదీసే మిషను. ఆరు నెలలు తిరిగేసరికి పిల్ల దగ్గు మానేసింది.

దానికి నేను ఈ ఊరికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. పెట్టానా? లేదు. తొమ్మిదేళ్ళు తిట్టుకుంటూ బతికాను. సినిమా హాలు లేదని, మంచి చెప్పుల షాపు లేదని, సాయంత్రం ఏడు దాటితే వీధిలో కుక్క కూడా మొరగదని. ఇవన్నీ ఒక ఎత్తు, మా పక్కింటావిడ ఒక ఎత్తు. ఆవిడ పడమటి నగరంలో ఏదో రికార్డుల ఆఫీసులో పనిచేస్తుంది. ఒంటరి మనిషి. వీధి వీధంతా ఆవిణ్ణి రూల్సు మేడం అంటాం. చెత్తబుట్ట జానెడు జరిగితే ఉత్తరం, కుళాయి కారితే ఉత్తరం. మా గోడ మీద పిల్లి కూడా రూల్సు ప్రకారమే నడిచేది. ఆదివారాలు నా మిషను మోతకి నిద్ర పట్టడం లేదని రెండేళ్ళలో మూడు ఉత్తరాలు రాసింది. తేదీ వేసి, సంతకం పెట్టి, మా గేటు పెట్టెలో పడేసింది. నేను మూడూ చింపేశాను.

ఇంతలో నాలుగు నెలల కిందట, తూర్పు నగరంలో నేను పనిచేసే పళ్ళ ల్యాబు మూతపడింది. ఇకమీదట పళ్ళు కంప్యూటరే చెక్కుతుందట. మా ఓనరు కాస్త బాధపడుతూనే చెప్పాడు గానీ, ఆయన పళ్ళు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి. తూర్పు నగరంలో నేనెక్కని గుమ్మం లేదు. అన్నిచోట్లా అదే కంప్యూటరు. చివరికి నెలాఖరుకి ఖాళీ చేస్తామని ఇల్లుగలాయనకి చెప్పేశాం. మళ్ళీ బావమరిది గదే దిక్కు. మా ఆవిడ అటక మీంచి అట్టపెట్టెలు దించింది. అమ్మాయి తన పుస్తకాలు సర్దుకుంది. ఇద్దరూ నన్నొక్క మాట కూడా అనలేదు. అంటే బావుండేది. అనకపోయేసరికి నాకు అన్నం దిగలేదు.

సరిగ్గా అప్పుడు పడమటి నగరంలోని ఒక ల్యాబు నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఇంకా చేత్తోనే కడతారట. ఓనరు ఆడమనిషి, ముక్కుసూటిగా మాట్లాడింది.

“సోమవారం తొమ్మిదికల్లా రండి. పదింటికి ఒక పెద్దాయన వస్తారు. మైనం సెట్టు ఆయన నోట్లో పెట్టి, తేడా ఉంటే నా ఎదురుగా సరిచెయ్యాలి. పదకొండింటికి ఇంకొకతను వస్తున్నాడు. ఇద్దరిలో ఒకరినే తీసుకుంటాను.”

సోమవారం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని, పరికరాల పెట్టె పట్టుకుని స్టేషనుకి వెళ్ళాను. ఇక్కడ మా స్టేషను సంగతి చెప్పాలి. తూర్పుకి పోయే బండి ఆరూ యాభైకి ఒకటో ప్లాట్‌ఫాం మీదకి వస్తుంది. పడమటికి పోయేది ఏడూ అయిదుకి, మెట్ల వంతెన దాటి అవతల, రెండో దాని మీదకి. నా బుర్ర నిండా ఆ పెద్దాయన నోరే. ఆయన దవడ ఎలా ఉంటుందో, ఏ పన్ను ఎత్తుగా తగులుతుందో అనుకుంటూ నడిచాను. బుర్ర అక్కడ ఉంటే కాళ్ళు వాటి దారిన అవి పోయాయి. తొమ్మిదేళ్ళ అలవాటు మరి. ఒకటో ప్లాట్‌ఫాం, నాలుగో పెట్టె, మూడో తలుపు.

“రండి రండి!” అంటూ పోస్టాఫీసు బాబాయి పక్కకి జరిగాడు. నర్సక్క తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. లిఫ్టు మెకానిక్కు లేచి, నా కిటికీ సీటు నాకిచ్చేశాడు. ఈ ముగ్గురూ నాతో తొమ్మిదేళ్ళు తూర్పుకి ప్రయాణం చేసినవాళ్ళు. నాలుగు నెలల తర్వాత కూడా నా సీటు నాదే అయినందుకు నాకు కళ్ళు చెమర్చాయి. వాళ్ళు నన్నేమీ అడగలేదు. ఉద్యోగం పోయినవాణ్ణి ఉద్యోగం గురించి అడగడం ఏం బావుంటుందని ఊరుకున్నారట. తూర్పులోనే మళ్ళీ ఏదో దొరికుంటుంది, తనే చెప్తాడులే అనుకున్నారు. ఎంత మర్యాదస్తులో అనుకుంటూ నేను కిటికీకి తల ఆనించి, మామూలుగానే నిద్రపోయాను.

నిద్ర లేచేసరికి ఏడూ నలభై. లిఫ్టు మెకానిక్కు ఇక ఆగలేకపోయాడు.

“అన్నా, ఇంతకీ పని ఎక్కడ దొరికింది?”

“దొరికినట్టే. పడమటి నగరంలో. ఇవాళ తొమ్మిదింటికి రమ్మన్నారు,” అన్నాను దర్జాగా.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

“తమ్ముడూ,” అంది నర్సక్క మెల్లిగా, “ఇప్పుడీ బండి ఎటు పోతోంది?”

కిటికీలోంచి ఎండ నేరుగా నా మొహాన కొడుతోంది. పొద్దున్నపూట పడమటికి పోయేవాడికి ఎండ వీపున ఉండాలి. తలుపు దగ్గరికి పరుగెత్తాను. బాబాయి నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. నగరం వచ్చేదాకా ఆ బండి ఇంకెక్కడా ఆగదు. ఎనిమిదీ అయిదుకి దిగి, ఎనిమిదీ ఇరవైకి ఎదురుబండి ఎక్కినా, పడమటి నగరం చేరేసరికి పదకొండు అవుతుంది. ల్యాబుకి ఫోను చేశాను. మోగుతోంది గానీ తియ్యరు. తొమ్మిదైతే గానీ తెరవరు మరి.

మా ఆవిడకి ఫోను చేసి జరిగింది చెప్పాను. తిట్ల కోసం చెవి సిద్ధం చేసుకున్నాను. “దిగగానే ఎదురుబండి ఎక్కు. ల్యాబు అడ్రసు చెప్పు,” అంది. చెప్పాను. పెట్టేసింది.

ఈలోగా పెట్టెలో ముగ్గురూ ఫోన్లు తీశారు. మా ఊళ్ళో సగం ఇళ్ళు అంతే. మొగుడు తూర్పుకి పోతే పెళ్ళాం పడమటికి పోతుంది, అన్న అటు పోతే తమ్ముడు ఇటు. పోస్టాఫీసు బాబాయి భార్య పడమటి కోర్టులో టైపిస్టు. “ఇదిగో, నువ్వు దిగగానే కోర్టుకి పోకు. ముందు నేను చెప్పిన చోటికి పో. ఎందుకేమిటి? పో అంటే పో!” అని బాబాయి అరుస్తున్నాడు. లిఫ్టు మెకానిక్కు బావకి అక్కడ జిరాక్సు షాపుంది. “బావా, ఓ గంట షాపు మూసెయ్,” అంటున్నాడు ఇతను. నర్సక్కకి అటు ఎవరూ లేరు. అందుకని నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. “పోవులే ప్రాణాలు. కూర్చో ముందు,” అంది.

ఎదురుబండి తొమ్మిదీ ముప్ఫై అయిదుకి మా ఊరి మీదుగానే పోయింది. స్కూలు మైదానం, కాలవ గట్టున సైకిళ్ళు, మేడల మీద ఆరేసిన దుప్పట్లు కనిపించాయి. నెలాఖరు తర్వాత ఇవన్నీ ఇలా రైలు కిటికీలోంచే చూడాలి కాబోలు అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఏం తక్కువైందని తిట్టుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. బండి ఆగిన ఒక్క నిమిషంలో మా ఆవిడ కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. దువ్వెన చేతిలో పెట్టింది.

“తల దువ్వుకో. అక్కడ సంజాయిషీలు చెప్పకు. పని చెయ్యి.”

ల్యాబు మెట్లెక్కేసరికి పదకొండుంబావు. తలుపు తీసి అక్కడే నిలబడిపోయాను. గోడవారగా బాబాయి భార్య కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళుగా ఫోనులో వింటున్న గొంతుతో “వచ్చేశాడు!” అన్నాక గానీ పోల్చుకోలేదు, మనిషిని చూడటం అదే మొదలు. తలుపు పక్కనున్నది జిరాక్సు బావ అయ్యుండాలి. మధ్య కుర్చీలో, ఆఫీసు సంచీ ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా రూల్సు మేడం! ఆవిడ పక్కన ఒక బోసినోటి పెద్దాయన పడీపడీ నవ్వుతున్నాడు.

ఓనరు మేడం నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ చేతిలో ఏవో కాగితాలున్నాయి.

“ఇరవై ఏళ్ళుగా ఈ ల్యాబు నడుపుతున్నాను. మనిషి రాకముందే, వస్తాడని చెప్పడానికి ముగ్గురు రావడం ఎప్పుడూ చూళ్ళేదు. ఇద్దరేమో మీరు చాలా మంచివారన్నారు. మంచితనంతో నాకేం పని? ఈవిడొక్కరే మీ మీద ఫిర్యాదు చేశారు.”

“చేశాను,” అంది రూల్సు మేడం. “ఆదివారం కూడా ఆ మిషను ఆపరు. ఒక్క పన్నుని పూటంతా అరగదీస్తారు. నచ్చకపోతే పారేసి మళ్ళీ మొదలు. గోడవతల నాకు ఆ మోత కంఠతా వచ్చేసింది. మూడుసార్లు రాశాను. ఒక్కసారి కూడా జవాబు లేదు. కాపీలు నా దగ్గరున్నాయి కాబట్టి సరిపోయింది.”

ఓనరు మేడం చేతిలో ఉన్నవి ఆ కాపీలే.

“ఇవి చదివే పదకొండింటి అతన్ని రెండింటికి రమ్మన్నాను,” అందావిడ. “ఈ పెద్దాయన్నీ ఇప్పటిదాకా ఈవిడే కబుర్లతో కూర్చోబెట్టారు. ఊ, చేతులు కడుక్కోండి.”

కడుక్కున్నాను. స్పిరిటు దీపం వెలిగించి, సెట్టు పెద్దాయన నోట్లో పెట్టి, పన్ను తగిలే చోట మరక పడే రంగు కాగితం కొరకమన్నాను. కుడి పక్క దవడపన్ను ఒకటి ఎత్తుగా తగులుతోంది. సెట్టు బయటికి తీసి, వేడి చేసిన కత్తితో మైనం మెత్తబరిచి, ఆ పన్ను కొద్దిగా కిందికి నొక్కి, మళ్ళీ నోట్లో పెట్టాను. “సూది, సీసా, సంచీ అనండి,” అన్నాను. అన్నాడు. ప్రతి ‘స’కీ ఈల వచ్చింది. ముందు పళ్ళు రెండూ వెంట్రుకవాసి లోపలికి జరిపాను. మళ్ళీ అనమన్నాను. ఈసారి ఈల లేదు. ఆయన అద్దం తీసుకుని “సీసా, సీసా” అనుకుంటూ తనలో తనే మురిసిపోయాడు.

ఓనరు మేడం ఆ సెట్టుని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

“రేపట్నుంచి ఎనిమిదిన్నరకి రండి. సరైన బండెక్కి.”

రెండింటి మనిషికి వద్దని ఫోను చేసేసింది. ఆయనెవరో నాకు తెలియదు. ఆయనకీ ఎక్కడో పని దొరికుంటుందని ఇప్పటికీ గట్టిగా అనుకుంటూ ఉంటాను. థాంక్సు చెబుదామని బయటికొస్తే, ముగ్గురూ ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంటికి చెబుదామంటే ఫోనులో చార్జింగు అయిపోయింది.

సాయంత్రం దాకా ల్యాబులో పని చూసి బండెక్కితే, అందులో రూల్సు మేడం కనిపించింది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. పొద్దున మా ఆవిడ వెళ్ళి తలుపు కొడితే, ఏడూ యాభై అయిదు బండికి బయల్దేరబోతున్న ఈవిడ, రెండు నిమిషాలు ఆగి ఆ కాపీలు వెతికి తెచ్చిందట.

“మీకు చాలా శ్రమ ఇచ్చాం మేడం. సెలవు పెట్టాల్సొచ్చింది.”

“సెలవేం కాదు. నెలకి రెండు గంటల పర్మిషను తీసుకోవచ్చని రూలుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ వాడుకోలేదు.”

“మరి నాకోసం ఎందుకు వాడారు?”

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“మీకోసం కాదు. మీరొచ్చిన కొత్తలో మీ పిల్ల తెల్లవార్లూ దగ్గేది. గోడవతల నేనూ మేలుకునే ఉండేదాన్ని. ఒకరోజు దగ్గు వినపడలేదు. నాకు భయమేసింది. తెల్లారగానే గోడ దగ్గరికొచ్చి తొంగిచూశాను. పెరట్లో పిచ్చుకల వెంట పరుగెడుతోంది. ఆ పిల్లని మళ్ళీ ఆ పొగలోకి ఎలా పంపుతామండీ?”

ఆ తొమ్మిదేళ్ళలో నా కూతురి ఊపిరి లెక్కపెట్టిన మనిషి గోడకి అవతలే ఉంది. నేను చూస్తే ఆవిడ ఉత్తరాలు చింపుతూ కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. ఆవిడ చూసీ చూడనట్టు సంచీ సర్దుకుంది.

మా ఊళ్ళో బండి దిగేసరికి, తూర్పు నుంచి వచ్చిన బండి అవతల ప్లాట్‌ఫాం మీద అప్పుడే కదిలిపోయింది. ఆ బండి దిగినవాళ్ళెవరూ ఇంకా ఇళ్ళకి కదల్లేదు. పోస్టాఫీసు బాబాయి, నర్సక్క, లిఫ్టు మెకానిక్కు, వాళ్ళ పక్కన మా ఆవిడ, అమ్మాయి. అందరూ పట్టాల మీదుగా నా వైపే చూస్తున్నారు.

“ఏమైంది? ఉద్యోగం వచ్చిందా?” బాబాయి నోటికి చేతులడ్డం పెట్టి అరిచాడు.

వచ్చిందని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట రాలేదు.

“ఉంటున్నాం!” అని అరిచాను. “ఇక్కడే ఉంటున్నాం!”

మా ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. అమ్మాయి అప్పటికే మెట్ల వంతెన ఎక్కి నా వైపు పరుగెత్తుకొస్తోంది.