మట్టి దాకకు సవతి

నేను ఒక ఇత్తడి కేరేజీని. నాలుగు గిన్నెలు, ఒక మూత, అన్నిటినీ కలిపి బిగించే పట్టీలు, పైన పిడి. పుట్టింది గోదావరి జిల్లా అజ్జరంలో. సుత్తి దెబ్బలు తిని, లోపల కళాయి పూయించుకుని, చింతపండుతో తళతళా తోమించుకుని నేను కొట్టు ముందు కూర్చుంటే పక్కనున్న బిందెలు మొహం తిప్పుకున్నాయి. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? చెప్పుకుంటాను. ఇంత దూరం వచ్చి, ఇన్ని అవమానాలు పడ్డాక ఆ మాత్రం హక్కు నాకుంది.

నరసాపురంలో దయామణి పెళ్లికి ఆమె మేనత్త నన్ను కొనిచ్చింది. పెళ్లికొడుకు కృపావరం గారు పాస్టరు. ఆయన తండ్రీ పాస్టరే. ఆ పెద్దాయన ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా ఆ ఇంటివాళ్లు కోడికూర తినిపించందే పంపేవారు కాదు. దాంతో ఆయన వీధి మొగలో కనిపించగానే కుర్రాళ్లు "కోళ్లు దాచండ్రోయ్, అయ్యగారొస్తున్నారు!" అని కేకలు పెట్టేవారట. పక్కనే నడుస్తున్న చిన్న కృపావరం చెవిలో ఆ మాట ముల్లులా దిగింది. తను పాస్టరయ్యాక, బోధ చెప్పే ఇంట్లో మెతుకు ముట్టకూడదని నియమం పెట్టుకున్నారు. నియమం ఆయనది, మోత నాది. దయామణి పొద్దున్నే వండి నాలో సర్దేది. అడుగున అన్నం, దాని మీద పప్పు, ఆపైన వేపుడు, అన్నిటికన్నా పై గిన్నెలో గోంగూర పచ్చడి.

కొన్నాళ్లకు మిషను వాళ్లు ఆ దంపతులను ఆఫ్రికాలోని మలావీకి పంపారు. ఓడలోనూ రైల్లోనూ వాళ్లతోపాటు నేనూ వెళ్లాను. అక్కడ సముద్రమంత సరస్సు, దాని ఒడ్డున చేపలు పట్టే పల్లె, ఆ పల్లె చివర నసిబెకో అనే ముసలావిడ ఇల్లు. ఊరంతా ఆవిడను అగోగో అనేవారు, అంటే అవ్వ అని. కూతురు ఎనెలేసి, ఆమె పిల్లలు, అదీ సంసారం. వారం వారం ఆ ఇంటికి వెళ్లి వాక్యం చెప్పడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం మావాళ్ల పని.

అక్కడ తలుపు తట్టరు. గడప బయట నిలబడి "ఓడీ" అని పిలవాలి. లోపలివాళ్లు "ఓడినీ" అంటే రమ్మన్నట్టు. మొదటిసారి కృపావరం గారు ఆ పిలుపు పిలవగానే దయామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, గుమ్మంలోనే ఓడిపోయానని ఒప్పేసుకుంటున్నారేంటండీ?"

"నవ్వకే, వాళ్లు చూస్తున్నారు," అన్నారాయన, తనూ నవ్వాపుకుంటూ.

ఆ ఇంట్లోనే నా సవతి కాపురముండేది. పొయ్యి మీద ఒక మట్టి దాక. ఒళ్లంతా మసి, ఒక పక్క అంచు విరిగింది. దాన్ని చూసి నేను ముందు జాలిపడ్డాను. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. అగోగో దాని అంచును తన బట్ట చెంగుతో తుడిచేది. మూత తీసి వాసన చూసి, "ఇంకాసేపు ఓర్చుకో తల్లీ" అని దానితో మాట్లాడేది. అందులో సరస్సు చేపలు ఉడికేవి. మొక్కజొన్న పిండితో ముద్ద కెలికి, ఒకే పళ్లెంలో పెట్టుకుని, చేతులు కడుక్కుని, అందరూ ఆ దాక చుట్టూ చేరేవారు. పిల్లలు దాని అడుగు కూడా వేలితో నాకేవారు. నన్నెవరైనా అలా చుట్టుముట్టారా ఎప్పుడైనా? నా గిన్నెలను విడదీసి ఇద్దరు మనుషులు మాట్లాడకుండా తినేసి, మళ్లీ బిగించేస్తారు. నా కడుపు మండిపోయింది.

ఒకరోజు అయిదు రొట్టెలు, రెండు చేపలు అయిదు వేలమందికి పంచిన కథ చెప్పారు కృపావరం గారు. ఎంత బాగా చెప్పారంటే ఎనెలేసి కళ్లు తుడుచుకుంది. కథ అయిపోగానే మా దంపతులిద్దరూ నన్ను పట్టుకుని దూరంగా మామిడిచెట్టు కిందికి వెళ్లి, అటు తిరిగి తినసాగారు. మనుషులు ఇలాంటివి ఎలా చేయగలరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అగోగో ఎప్పటిలాగే పళ్లెం తెచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే చేతులు జోడించి, "వద్దమ్మా, పిల్లలకు పెట్టండి" అన్నారు.

"అబుసా," అంది ఆవిడ. పాస్టరును అక్కడ అలాగే పిలుస్తారు. "మీ యేసు కూడా ఇలాంటి డబ్బాలు మోసుకు తిరిగేవాడా?"

ఆయన అది హాస్యం అనుకుని నవ్వారు. నేను మాత్రం లోలోపల మెరిసిపోయాను. పళ్లెం తిరిగి వెళ్లిపోతోంది. దాక ఓడింది.

వానాకాలం వచ్చింది. ఆ ఇంటి పక్కన ఒకామె బిడ్డ జ్వరంతో పోయాడు. ఆ తర్వాత అగోగో ఇంటికి మనుషుల రాక తగ్గింది. ఆవిడతో కలిసి మొక్కజొన్న దంచే ఆడవాళ్లు తమ కర్ర రోళ్లు తీసుకుని వేరే వాకిట్లోకి పోయారు. ఒక మధ్యాహ్నం ఇంటి కప్పు మీద రాయి పడింది. ఎందుకో మావాళ్లకు అంతుపట్టలేదు. చివరికి ఎనెలేసి మావాళ్లను దారిలోనే ఆపింది.

"అబుసా, ఇక మా ఇంటికి రాకండి."

"ఏమైందమ్మా?"

"మా దగ్గర ఒకరింట్లో తినకపోతే, ఆ చేత్తో విషమో మంత్రమో పెడతారని అనుమానం ఉన్నట్టు. ఇన్నాళ్లుగా మీరు మా అమ్మ పళ్లెం వెనక్కి పంపుతున్నారు. దేవుడి మనిషికి తెలియకుండా ఉంటుందా అంటోంది ఊరు. ఆ బిడ్డను మా అమ్మే తినేసిందట. రేపో మాపో మంత్రగత్తెలను పట్టేవాడిని పిలిపిస్తారు. వాడొచ్చి వేలు చూపించాడంటే అమ్మను ఊళ్లో బతకనివ్వరు."

కృపావరం గారు దారి పక్కన రాతి మీద కూలబడ్డారు. "వాళ్ల నోటికాడ కూడు లాక్కోకూడదనుకున్నాను దయా."

"వాళ్ల పరువు లాక్కున్నామండీ," అంది దయామణి.

అంతదాకా నేను పండగ చేసుకుంటూనే ఉన్నాను. ఆ దాక మూత తెరుచుకోవడం తగ్గిందని, దాని అంచు తుడిచే చెంగు రావడం లేదని. సవతి ఇల్లు కూలుతుంటే కింద మనుషులున్నారన్న సంగతి నాకు తట్టలేదు. మీకైతే తట్టేదా?

సంత రోజున, ఊరంతా ఆ దారినే నడిచే వేళకు మేం వెళ్లాం. ఆయన గడప బయట నిలబడి "ఓడీ" అన్నారు. దయామణి ఈసారి నవ్వలేదు. మళ్లీ పిలిచారు. ఆ గొంతులో నిజంగానే ఓడిపోయిన మనిషి ఉన్నాడు.

అప్పుడు అగోగో గొంతు వినిపించింది. "తినేవాళ్లయితేనే లోపలికి రండి."

"లోపల వద్దమ్మా. దారి పక్కన చాప వెయ్యండి. అందరూ చూడాలి."

వేశారు. కృపావరం గారు ముద్ద చేసుకుని చేపల పులుసులో ముంచి తిన్నారు. ముళ్లు తీయడం మరిచి దగ్గారు. మళ్లీ పెట్టమన్నారు. దయామణి కూడా తిని, దాకను దగ్గరికి లాక్కుని అంచుకు అంటిన పులుసును వేలితో ఊడ్చింది. నరసాపురంలో వాళ్ల మేనత్త చూసి ఉంటే ఏమనేదో! దారిన పోయేవాళ్లు గుంపుగా నిలబడ్డారు. ఆయన కుప్పకూలి పడతారేమోనని కాసేపు చూశారు. ఆయన పడలేదు, ఇంకో చేప అడిగారు. రోలు తీసుకుపోయిన ఆడవాళ్లలో ఒకామె తనూ తినడానికి వచ్చి, కడుక్కోవడానికి చేతులు చాపింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాత్రం దూరంగా నిలబడి, కూర్చోకుండానే వెళ్లిపోయింది. కానీ మర్నాడు పొయ్యి వెలిగించుకోవడానికి నిప్పు అడుగుతూ అగోగో ఇంటికే వచ్చిందని తర్వాత విన్నాం.

నా సంగతి అడగరేం? ఆ రోజు దయామణి నన్ను విప్పి, పెరట్లో తను విత్తు వేసి పెంచుకున్న గోంగూరతో చేసిన పచ్చడిని అగోగోకి పెట్టింది. ముసలావిడ నాలుకకు రాసుకుని, ఒక కన్ను మూసి, గిన్నెడు పచ్చడినీ ఎత్తి ఆ దాకలో పోసేసింది! కలిపి వడ్డిస్తే అందరూ లొట్టలు వేశారు. మెచ్చుకోలు ఎవరికి? దాకకే!

మావాళ్లు దేశానికి తిరిగి వెళ్లేటప్పుడు దయామణి నన్ను అగోగో చేతిలో పెట్టి ఏడ్చింది. అప్పటి నుంచి నా గిన్నెల్లో ఉప్పు, చిక్కుడు విత్తనాలు, ఎండు చేపలు. చేపల వాసన ఇత్తడికి ఎంత అవమానమో మీకు తెలియదు. నేను గూట్లో, అది పొయ్యి మీద. ఏళ్ల తరబడి ఒకరినొకరం చూస్తూ గడిపాం.

అగోగో పోయింది. అక్కడో ఆచారం ఉంది. పోయినవాళ్లు వాడుకున్న గిన్నెలకు చిల్లు పొడిచి సమాధి మీద పెడతారు. ఎనెలేసి పొయ్యి దగ్గరికి వెళ్లి, దాకను ఒళ్లో పెట్టుకుని, రాయితో దాని అడుగు పగలగొట్టింది. నా శత్రువు అలా పగిలిపోతుంటే నేను సంతోషించాలి. కానీ అంత అసూయ నాకు జన్మలో ఎన్నడూ కలగలేదు. అది ఆవిడతో వెళ్తోంది, నేను గూట్లో మిగిలిపోతున్నాను.

ఎనెలేసి గుమ్మం దాటబోయి ఆగింది. వెనక్కి వచ్చి నా పట్టీలు విప్పి, పై గిన్నెను తీసుకుంది. మేకు పెట్టి రాయితో కొట్టింది. చిల్లు పడింది.

ఇప్పుడు ఈ గూట్లో మేం మూడు గిన్నెలం ఉన్నాం. మాకు ఏ లోటూ లేదు. ఎనెలేసి వారానికోసారి తోముతుంది, వాన తగలదు, ఎండ తగలదు. ఆ నాలుగోది సరస్సు ఒడ్డున మట్టిగుట్ట మీద, పగిలిన దాక పక్కన, చుక్క నీరు కూడా నిలవని ఒంటితో పడి ఉంది. దాన్ని తలుచుకుంటే మాకు ఓర్వలేనితనంతో ఒళ్లు మండిపోతుంది.