మేకుకు తగిలించిన బూటు

భీమవరం కాలేజీలో జువాలజీ ల్యాబు ఊడ్చే పెద్దింట్లమ్మకు చదువు లేదు గానీ, చెవులు మాత్రం పాముచెవులు. ఎనభై ఒకటి చివర్లో రమాదేవి మేడమ్ చెప్పిన పాఠం చీపురు పట్టుకునే వింది.

ఎలుక పిండంలో తొలిరోజుల కణాలు గుండె కావచ్చు, నరం కావచ్చు, ఎముకైనా కావచ్చట. వాటిని అలాగే నిలపాలంటే, పెరగడం మానేసిన వేరే కణాలను గాజుపళ్లెంలో పరుపులా పరిచి వాటిమీద ఉంచుతారట. ఆ పరుపే తిండి పెడుతుంది, తొందరపడి ఏదో ఒకటి అయిపోకుండా కాస్తుంది. అది తీసేస్తే దేని దారి దానిది. ఒకసారి కుదురుకున్న కణం మళ్లీ వెనక్కి రాదు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, మరి మొక్కగానే ఉంచితే? పెద్దింట్లమ్మకు ఆశ పుట్టింది. ఇంట్లో ఆరేళ్ల కూతురు లోవమ్మకు పోలియోతో ఎడమకాలు చచ్చుబడి ఏడాదైంది. ఆసుపత్రివాళ్లు కొలత తీసి ఇనపపట్టీల బూటు ఇచ్చారు. కాలు ఇనుముకు అలవాటుపడితే అవిటిగానే కుదురుకుంటుందని భయపడి, తుని లోవ తల్లికి మొక్కుకుని, ఆ బూటును మేకుకు తగిలించేసింది. పిల్లను బడికీ పంపలేదు, నేలా తాకనివ్వలేదు. పిచ్చిది, తనే పరుపై నాలుగేళ్లు మోసింది.

ఒకనాడు పిల్లను ఎత్తుకుని కాలేజీకి వస్తే మేడమ్ చూడనే చూశారు.

"పదేళ్ల పిల్లని చంకనేసుకొచ్చావేంటి? బూటు ఇవ్వలేదా?"

"ఉందండి. తొడగలేదండి. కుదురుకోనివ్వకపోతే ఏదైనా అవుద్దని తమరే చెప్పారు కదండీ!"

రమాదేవి మొహం పాలిపోయింది. "అది పిండం మాటే పెద్దింట్లమ్మా! పుట్టేసరికే కాలు కాలైపోయింది, నరం నరమైపోయింది. ఆపడానికేం మిగల్లేదు. వాడని కండ ఎండిపోద్ది, మోకాలు బిగుసుకుపోద్ది. అప్పుడే తొడిగుంటే నడిచేదే." అనేసి, ఎందుకన్నానా అని కళ్లు తుడుచుకున్నారు.

ఇంటికి రాగానే పెద్దింట్లమ్మ బూటు దింపి దుమ్ము దులిపింది. పిల్ల మోకాలు చాపబోతే సాగలేదు. పాదం సగం కూడా దూరలేదు.

లోవమ్మ చప్పట్లు కొట్టింది. "అమ్మా, చూడవే! నా కాలు ఎదిగింది!"

"ఎదిగిందమ్మా," అంది పెద్దింట్లమ్మ. పిల్ల ముందు ఏడవకూడదని బూటు ఒళ్లో పెట్టుకుని, తుప్పుపట్టిన పట్టీని చీరకొంగుతో తుడుస్తూ కూర్చుంది.