గిన్నెలు మోగకూడదు

కౌశిక్‌ది ఇతరుల చెవులను కాపాడే ఉద్యోగం. షార్జాలో ఓ నిర్మాణ సంస్థకు అతడు సేఫ్టీ ఆఫీసరు. పొద్దున్నే సైటులో అడుగుపెట్టగానే నెత్తిన హెల్మెట్టు లేనివాణ్ణి ఆపుతాడు, నడుముకు బెల్టు లేనివాణ్ణి దింపుతాడు, కాంక్రీటు పగలగొట్టే యంత్రం దగ్గర చెవులు బోడిగా కనిపించినవాడి అరచేతిలో పసుపుపచ్చ స్పాంజి బిరడాలు రెండు పెడతాడు. "కాన్ గయా తో గయా, భాయ్!", చెవి పోతే పోయినట్టే, అన్న అతడి మాట సైటులో సామెతయింది. అతడు కనిపిస్తే చాలు, దూరం నుంచే చెవులు తట్టి చూపించేవాళ్ళు పనివాళ్ళు.

ఆ కౌశికే ఆదివారం వస్తే బేస్ గిటారు భుజాన వేసుకుని దుబాయ్‌లోని సత్వాకు వెళ్ళేవాడు. అక్కడ ఓ అద్దెగదిలో నలుగురు తెలుగువాళ్ళ బృందం సాధన చేసేది. రాకేశ్ పాడేవాడు, లావణ్య కీబోర్డు, జానీ బాషా డ్రమ్సు, కౌశిక్ బేసు. నాలుగే తీగలు, నాలుగూ లావైనవి, నాలుగూ మంద్రంలో పలికేవి. పాట విన్నవాళ్ళెవరూ బేసు విన్నామని చెప్పరు. అది ఆగిపోతే మాత్రం, పాటకేమైందని అందరూ తలలు తిప్పి చూస్తారు. పదిమందిలో మాట పెగలని కౌశిక్‌కు అందుకే ఆ వాద్యం నచ్చింది. కనిపించకుండా ఉండవచ్చు, లేకుండా మాత్రం ఉండకూడదు.

అయితే ఆ ఆదివారం అతడు మరీ ఎక్కువగా వినిపించాడు.

"ఆపు, ఆపు!" రాకేశ్ మైకు పక్కన పెట్టాడు. అతడిది నిజామాబాదు దగ్గరి ఊరు, గొంతు ఎంత తీపో మాట అంత ఘాటు. "అరె కౌశిక్, ఏం కొడుతున్నవ్ రా? గిటారా, గోడలు కూలగొట్టే మిషనా?"

"నేనేసే తాళం ఒకటి, నువ్వేసేది ఇంకొకటి," అన్నాడు నెల్లూరి జానీ బాషా, పుల్లలు ఒళ్ళో పెట్టుకుని. "రెంటి మధ్యా పాట నలిగిపోతా ఉంది సామీ."

"నాకు కలిసినట్టే అనిపించిందండీ," అన్నాడు కౌశిక్, నేల చూస్తూ.

"నెల సంది గిదే లొల్లి. ఉగాది సభల మన ఇజ్జత్ పోతది," అన్నాడు రాకేశ్. "లావణ్య ఎడమచెయ్యి ఖాళీగనే ఉంటది. బేసు గదే వాయిస్తది. వచ్చే ఐతారం ఆఖరి మోకా. తాళంల పడితివా, మంచిదే. పడకుంటే ఖలాస్!"

"నా చెయ్యిని నన్నడగకుండనే నౌకరికి పెట్టినవా అన్నా?" అంది లావణ్య.

ఎవరూ నవ్వలేదు. కౌశిక్ గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగాడు. తన చోటికి మరో మనిషి వస్తే ఎలాగో ఓర్చుకునేవాడు. నిండు మనిషి చోటికి ఒక చెయ్యి, అదీ ఎడమచెయ్యి! మెట్రోలో అతడు దారి పొడుగునా ఎదుటివాళ్ళ ఎడమచేతులనే చూస్తూ కూర్చున్నాడు.

అతడు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. నెలన్నర కిందట సాధన ముగిశాక ఎడమచెవిలో సన్నగా ఈల మొదలైంది. నిద్రపోయి లేస్తేగాని ఆగలేదు. మరుసటి వారమూ అంతే. పదిమందికి చెప్పే పాఠం తనకు తాను చెప్పుకున్నాడు. జేబులో ఎప్పుడూ ఉండే పసుపుపచ్చ బిరడాలను చెవుల్లో దూర్చుకుని వాయించసాగాడు. బృందంతో ఉన్నప్పుడూ అవే, ఇంట్లో సాధన చేసేటప్పుడూ అవే. జుట్టు చెవులమీదికి దిగి ఉండటంవల్ల ఎవరికీ కనిపించలేదు.

ఇల్లంటే షార్జాలోనే, రోలా పేటలో ఓ పాత భవనంలో సగం గది. గదికి నడుమ చెక్క పార్టిషను. ఈవైపు కౌశిక్, ఆవైపు హుస్సేనమ్మ. ఆమెది రాయచోటి. కింది వీధిలోని టైలరు కొట్టుకు జాకెట్లు కుట్టి ఇస్తుంది, మిగిలిన పొద్దులో వండుతుంది, వండగా మిగిలిన పొద్దులో కౌశిక్‌కు పెళ్ళెప్పుడని అడుగుతుంది.

అలాంటి గదిలో మోత పెంచే యాంపు పెట్టె పెట్టి బేసు వాయిస్తే భవనమంతా మెట్లెక్కి వస్తుంది. హెడ్‌ఫోన్లలో వాయించడానికి సేఫ్టీ ఆఫీసరు మనసు ఒప్పదు. అందుకని కౌశిక్ ఓ ఉపాయం కనిపెట్టాడు. వైరు లేకుండానే గిటారు ఒంటికి కొమ్ములా ఉన్న కొసను బట్టల బీరువా చెక్కకు ఆనించేవాడు, గడ్డాన్ని గిటారు అంచుకు ఆనించేవాడు, తీగ మీటేవాడు. చెవుల్లో బిరడాలున్నా ఆ అదురు దవడ ఎముకలోంచి పాకి తలలో గుమ్మని నిండేది. బయటికి చప్పుడే లేదు! తన తెలివికి తానే ముచ్చటపడ్డాడు.

సోమవారం సాయంత్రం హుస్సేనమ్మ తలుపు తట్టింది.

"అబ్బీ, నువ్వు సేప్టీ ఆపీసరువి గదా. మా పక్క ఏందో అదురుతాంది. గిన్నెలు వాటంతటవే మోగుతాండాయి. రోంతసేపు మోగుతాయి, మళ్ళా ఊరికే ఉంటాయి."

"ఎప్పట్నుంచి పెద్దమ్మా?"

"నెలయింది. నీళ్ళ పంపేమోనని నాతూర్‌ను పిలిస్తి. బోల్టులు బిగించినాడు, కింద రబ్బరు ఏసినాడు. ఊహూ!"

నాతూర్ అంటే ఆ భవనం కాపలాదారు. పంపు, లిఫ్టు, తాళాలు, తగాదాలు అన్నీ అతడివే.

కౌశిక్ అలవాటుకొద్దీ హెల్మెట్టు పెట్టుకుని ఆవైపు వెళ్ళాడు. గోడమీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేలకు చెవి ఆనించాడు. పార్టిషనుకు మేకులు కొట్టి బిగించిన గిన్నెల స్టాండులో పళ్ళేలు, గ్లాసులు, మూతలు బుద్ధిగా నిలబడి అతణ్ణే చూస్తున్నాయి. తనిఖీ సాగినంతసేపూ ఒక్క చెంచా కదలలేదు. కదలదు మరి.

"పంపే పెద్దమ్మా," అని తేల్చాడు కౌశిక్, గంభీరంగా. "అదురు కింది నుంచి వస్తోంది. నాతూర్‌తో నేను మాట్లాడతాను."

మాట్లాడాడు కూడా. ఆఫీసరే చెప్పాడు కదా అని నాతూర్ పంపు కింద మరో వరస రబ్బరు వేశాడు. కౌశిక్ గదికి వచ్చి, చెవులకు బిరడాలు బిగించి, రాకేశ్ మాటలు గుర్తొచ్చినకొద్దీ మరింత పట్టుదలగా మీటాడు. ఆవైపు గిన్నెలు కచేరీ చేశాయి.

గిన్నెలు ఎంతకీ ఆగకపోయేసరికి గురువారం పంపును పూర్తిగా విప్పేశారు. భవనమంతటా చుక్కనీరు లేదు. బకెట్లతో జనం మెట్లమీద కిందికీ పైకీ తిరుగుతున్నారు. ఆ సందడిలో కౌశిక్ గది తలుపు తట్టితట్టి, జవాబు రాక, హుస్సేనమ్మ తోసుకుని లోపలికి వచ్చింది. కౌశిక్ బీరువాను కావలించుకున్నట్టు నిలబడి ఉన్నాడు. కళ్ళు మూతలు, గడ్డం గిటారుమీద, చెవుల్లో పసుపుపచ్చ బిరడాలు. ఆమె భుజం తట్టింది. అతడు ఎగిరిపడ్డాడు. ఎడమచెవి బిరడా రాలింది, వేలు జారి లావు తీగమీద పడింది.

గలగలగల!

పార్టిషను ఆవైపు పళ్ళేలన్నీ ఒక్కసారి నవ్వాయి.

హుస్సేనమ్మ నడుముమీద చేతులు పెట్టుకుంది. "పంపు విప్పి నేలమీద పెట్టినారు గదా నాయనా. మరి ఈ పంపు యాడిది?"

కౌశిక్ ముఖం ఎర్రచెక్క బీరువా రంగుకు తిరిగింది. బీరువా వీపు పార్టిషనుకు ఆనింది, పార్టిషనుకు గిన్నెల స్టాండు ఆనింది. ఈ చెక్కకు పుట్టిన అదురు ఆ చెక్కకు పోకుండా ఎక్కడికి పోతుంది? క్షమించమని అడగబోయి ఆగాడు. తీగను మళ్ళీ మీటాడు. ఎడమచెవిలో గలగల. కుడిచెవిలో ఒట్టి గుమ్. ఎడమచెవిని బిరడాతో మూశాడు. గలగల మాయం. తెరిచాడు. గలగల.

"ఏమబ్బీ, మోగించేది చాలక ఆటలాడతాండావా?"

"కాదు పెద్దమ్మా! సన్నటి చప్పుళ్ళన్నిటినీ ఈ స్పాంజి మింగేస్తోంది!"

మింగుతుందని అతడికి తెలియక కాదు. రాళ్ళు పగిలేచోట మింగాలనే దాన్ని చేశారు. అయితే జానీ బాషా చిన్న తాళపుచిప్పమీద టిక్, టిక్ అని లెక్క కట్టే సవ్వడీ సన్ననిదే. నెలరోజులుగా స్పాంజి దాన్నీ మింగింది. పైగా తన తీగ తనకే సరిగా వినబడక, వినబడేదాకా బాదాడు. గుమ్ము మిగిలింది, గురి పోయింది.

"ఈరోజుతో మానేస్తాను పెద్దమ్మా," అన్నాడు తలవంచుకుని.

"మానెయ్యమని నేనంటినా? కొట్టుకో. నా గిన్నెలు మోగకుండా కొట్టుకో, సాలు."

ఆమె మాట మామూలుగా అంది. అతడికి అదే పాఠమయింది. మర్నాడే బర్ దుబాయ్ వెళ్ళి సంగీత వాద్యాలు అమ్మే కొట్లో వాయించేవాళ్ళ చెవిబిరడాలు కొన్నాడు. అవి తలుపు మూసినట్టు కాక తెర దించినట్టు ఉంటాయి. సన్నదీ లావుదీ అన్నీ సమంగా తగ్గుతాయి, ఏదీ మాయం కాదు. ఇక సాయంత్రాలు కౌశిక్ ఈవైపు తీగ మీటేవాడు, హుస్సేనమ్మ ఆవైపు జాకెట్లకు హెమ్మింగు చేసేది. గిన్నె మోగితే కత్తెరతో పార్టిషనుమీద టక్కుమని ఒక్కటి వేసేది.

మొదటి సాయంత్రం గిటారుకన్నా కత్తెరే ఎక్కువ మోగింది.

టక్! "అది పెద్ద పళ్ళెం!" అంది హుస్సేనమ్మ.

"ఆ స్వరానికీ పెద్ద పళ్ళేనికీ ఏదో చుట్టరికం ఉంది పెద్దమ్మా!"

"ఉంటే పెళ్ళికి పిలుచుకో. ఇప్పుడు మెల్లగా!"

వేలి బలం తగ్గించాడు. వాయించని తీగలు గొణగకుండా ఎడమచేతి వేళ్ళతో కప్పి పట్టాడు. తీగను కొట్టడం మాని తీగను అడగడం నేర్చాడు. అడిగితే అది పలికింది. శనివారానికి కత్తెర జాకెట్ల పనిలో పడిపోయింది.

ఆదివారం హుస్సేనమ్మ, "సత్వాలో లైనింగు గుడ్డ తీసుకోవాల, నేనూ వస్తా," అని అన్నం, పప్పు సర్దిన స్టీలు క్యారియరు పట్టుకుని బయల్దేరింది. గుడ్డ వంక మాత్రమేనని ఇద్దరికీ తెలుసు.

"గీ పెద్దమ్మ ఎవరు?" అన్నాడు రాకేశ్.

"మా పార్టిషను పెద్దమ్మండీ."

"పిల్లోడు ఏం తప్పు చేస్తాడోనని సూడ్డానికి వస్తి," అని హుస్సేనమ్మ క్యారియరు పెట్టడానికి చోటు వెతికింది. గదిలో బల్ల లేదు. నడుమెత్తు నల్లటి పెట్టె ఒకటి కనిపించింది. దానిమీద పెట్టింది. అది బేసు యాంపు.

గిన్నెమీద గిన్నె, నడుమ చెంచాలు, పైన మూత. ఇంతకన్నా వదరుబోతు వస్తువు లోకంలో ఉండదు. కౌశిక్ తీసేయబోయాడు.

"ఉండనీ," అంది ఆమె నెమ్మదిగా. "పరీచ్చే గదా."

జానీ బాషా పుల్లలు తాటించాడు. పాట మొదలైంది. కౌశిక్ చెవుల్లోకి నెలరోజుల తర్వాత ఆ సన్నటి టిక్, టిక్ వచ్చింది, తప్పిపోయిన పిల్లి ఇంటికి వచ్చినట్టు. దాని పక్కనే తన స్వరాన్ని దించాడు. మళ్ళీ టిక్, మళ్ళీ స్వరం. అతడి చూపు తీగలమీద లేదు, క్యారియరుమీద ఉంది. చరణం వచ్చింది. పెద్ద పళ్ళేనికి చుట్టమైన స్వరం వచ్చింది. వేలితో అడిగాడు. తీగ నిండుగా పలికింది. మూత కదలలేదు.

పాట ఆగాక జానీ బాషా మొదట మాట్లాడాడు. "ఇంతకాలం యాడికి పోయినావు సామీ?"

రాకేశ్ యాంపు దగ్గరికి వెళ్ళి మీటలు అనుమానంగా చూశాడు. "మంచిగనే ఉంది. కానీ లావణ్యను గూడ ఒకసారి వింట. ఇన్సాఫ్ అంటే ఇన్సాఫే." కీబోర్డు వైరును అదే పెట్టెకు తగిలించాడు.

లావణ్య నిట్టూర్చి ఎడమచేతి వేలు దించింది. గుమ్మన్న మోతతో క్యారియరు దడదడలాడింది. రెండో స్వరానికి చెంచాలు అరిచాయి. మూడో స్వరానికి క్యారియరు నడక మొదలుపెట్టి పెట్టె అంచుదాకా వచ్చింది.

"ఏ పాపా! పప్పు పాయ, పప్పు పాయ!" హుస్సేనమ్మ ఎగిరి రెండు చేతులా పట్టుకుంది.

లావణ్య చెయ్యి గాలిలోకి ఎత్తింది. "అన్నా, నా ఎడమచెయ్యి రాజీనామా ఇచ్చింది. దయచేసి మంజూరు చెయ్యి."

రాకేశ్ క్యారియరును చూశాడు, కౌశిక్‌ను చూశాడు, పప్పు వాసన పీల్చాడు. "చేసిన తియ్. కౌశిక్, ఉగాదికి నువ్వే. పెద్దమ్మా, గా మూత తీయండ్రి."

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి కౌశిక్ చెవిలో ఈల లేదు. మంచంమీద వెల్లకిలా పడుకుని, లేని ఈలను తృప్తిగా వింటున్నాడు. అంతలో ఆవైపు నుంచి గలగలగల. వెంటనే కత్తెర, టక్!

"అబ్బీ! గెలిచినావని మళ్ళా మొదలుపెడితివా?"

"నేను కాదు పెద్దమ్మా! గిటారు సంచిలోనే ఉంది!"

ఇద్దరూ ఊరుకుని విన్నారు. అడుగున ఎక్కడో, విప్పి బిగించి, బిగించి విప్పి, వరసమీద వరస రబ్బరు మేసిన నీళ్ళ పంపు గడగడ ఊగుతూ భవనాన్నంతా ఊపుతోంది.

కౌశిక్ లేచి హెల్మెట్టు పెట్టుకున్నాడు. ఈసారి చెవులు తెరిచే ఉంచుకుని గోడమీద అరచెయ్యి ఆనించాడు.

"పంపేనా?" అంది హుస్సేనమ్మ.

"పంపే పెద్దమ్మా. దానిదీ మొన్నటి నాలాగే బరువు చెయ్యి."