రేపటి బెల్లు

పొద్దున్న ఏడయ్యేసరికి పళ్ళాయన ల్యాబు మెట్ల మీద ఉంటాడు. ఆయన అసలు పేరు ల్యాబు రిజిస్టర్లో ఎక్కడో ఉంది, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. ల్యాబులో తయారైన కట్టుడు పళ్ళ సెట్లని సైకిలు మీద పంటి డాక్టర్లకి చేరవేయడం ఆయన పని. ఒక్కో సెట్టూ ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పేషెంటు పేరున్న చీటీ అంటించి, సైకిలు వెనక పెట్టెలో దూది మధ్య సర్దుకుని ఏడూ పదికి బయల్దేరతాడు. ఏడుంపావుకి కాలవగట్టు బాట ఎక్కుతాడు. ఏడున్నరకి పొదల మలుపు తిరుగుతాడు. ఇరవై రెండేళ్ళుగా ఇందులో నిమిషం తేడా లేదు. ఉంటే కుదరదు కూడా.

ఆ బాట నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ కలిపి ఒకటే. మధ్యలో గీత లేదు. సైకిలు వాళ్ళు పది అడుగుల దూరంలోనే బెల్లు కొట్టాలని, నడిచేవాళ్ళు విని పక్కకి జరగాలని బోర్డు మాత్రం ఉంది. అందరూ కొడతారు, అందరూ జరుగుతారు. పళ్ళాయన కూడా కొడతాడు. కాకపోతే ఆయన కొట్టిన బెల్లు మర్నాడు వినపడుతుంది.

ఇదేం కొత్త సంగతి కాదు. ఇవాళ ఏడున్నరకి మలుపు దగ్గర నొక్కితే, రేపు ఏడున్నరకి అదే చోట ట్రింగుమంటుంది. ఏడుసార్లు బెల్లు మార్చాడు, రెండుసార్లు సైకిలే మార్చాడు. చివరికి సైకిలు షాపు మేస్త్రి ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "లోపం బెల్లులో లేదండీ, మీ బొటనవేల్లో ఉంది. దానికి స్పేరు పార్టులు రావు" అని తేల్చేశాడు. సరే, ఉంటే ఉంది. రోజూ అదే టైముకి అదే చోట కొడుతూ పోతే చిక్కేముంది? నిన్నటి బెల్లు ఇవాళ దారి చేస్తుంది, ఇవాళ్టిది రేపటికి పనికొస్తుంది. ఆదివారం సెలవు కాబట్టి శనివారం బాట మీద బొటనవేలు జేబులో పెట్టుకుని ఒంటిచేత్తో తొక్కుతాడు. ఆదివారం మాత్రం ఖాళీ పెట్టెతో వెళ్ళి సోమవారానికి కొట్టి వస్తాడు.

దీనివల్ల ఆయన బుర్ర మాత్రం ఎప్పుడూ గందరగోళమే. ఇవాళ ఏ వారమో ఆయన్ని అడగకూడదు.

"ఇవాళ బుధవారం కదా?" అంటాడు కాఫీ తాగుతూ.

"మంగళవారం. బుధవారం మీ బెల్లుకి, మీక్కాదు" అంటుంది భార్య, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే. ఆవిడ పాత బట్టలు సరిచేసి కుడుతుంది. వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. మొగుడి రోజుల్ని మాత్రం ఎంత కుట్టినా సరిచెయ్యలేకపోయానని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఆ మంగళవారమే కొంప మునిగింది. బాట ఎక్కగానే వెనక చక్రం పంక్చరైంది. గాలి కొట్టుకుంటూ, ఆగుతూ వచ్చేసరికి ఆరు నిమిషాలు ఆలస్యం. అవతల మలుపు దగ్గర ఏడున్నరకల్లా సోమవారం కొట్టిన బెల్లు మోగింది. నడిచేవాళ్ళంతా పద్ధతిగా పక్కకి జరిగారు. ఎవరూ రాలేదు. కాసేపు చూసి, మళ్ళీ బాట మధ్యకొచ్చి కబుర్లలో పడ్డారు. ఏడూ ముప్పైఆరుకి పళ్ళాయన మలుపు తిరిగాడు. ఎదురుగా రెండడుగుల్లో ఎవరిదో వీపు.

బొటనవేలు దానంతటదే బెల్లు నొక్కింది. టకటకా నొక్కుతూనే ఉంది. ఏం లాభం, చప్పుడుంటేగా? నోటితో పిలుద్దామంటే ఆయన నోట్లో నాలుక లేని మనిషి. "కాస్త జరగండమ్మా" అన్నాడు గానీ, ఆ మాట ఆవిడ చెవిలో పడేసరికి చక్రం కూడా ఆవిడ కాలి దగ్గరే ఉంది.

పడిన మనిషి రిటైరైన లెక్కల టీచరు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళే. చెయ్యి కింద పెట్టి పడటంతో మణికట్టు బెణికింది. సైకిలు పెట్టె మూత ఊడి, మూడు సెట్ల పళ్ళు గడ్డిలో పడి ఆకాశంకేసి నవ్వుతున్నాయి. ఆవిడని లేపాలా, పళ్ళు ఏరాలా? కంగారులో పళ్ళాయన ఒక సెట్టు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇదెందుకయ్యా నాకు? నావి నాకున్నాయి!" అని అరిచింది టీచరు.

"క్షమించండి టీచరుగారూ. బెల్లు కొట్టానండీ."

"ఎప్పుడు కొట్టావు?"

"నిన్న."

"నిన్నటిది విన్నాను, జరిగాను. ఆరు నిమిషాలు ఆలస్యంగా వస్తే నేనేం చెయ్యను? రోజంతా పొదల్లో నిలబడనా?"

ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది? పళ్ళాయన గడ్డిలో పళ్ళు ఏరుకున్నాడు. సాయంత్రానికి బాట సూపర్‌వైజర్ టేబులు మీద ఫిర్యాదు చేరింది. సూపర్‌వైజర్ కబురంపాడు: రేపు ఏడున్నరకి అదే మలుపు దగ్గర పరీక్ష. పది అడుగుల్లో బెల్లు వినపడితే సరి, లేకపోతే ఎల్లుండి నుంచి బాట మీద సైకిలు తొక్కడానికి వీల్లేదు.

బాట కాకపోతే ఉన్నది లారీల రోడ్డు ఒక్కటే. ఆ రోడ్డు తొక్కనని పళ్ళాయన పెళ్ళాం తల మీద చెయ్యేసి ఒట్టేశాడు. ల్యాబు యజమానిని అడిగితే ఆయన మొహమాటం లేకుండా చెప్పేశాడు. "నడిచి తీసుకెళ్తానంటే నాలుగు రోజులు చూస్తాను పెద్దాయనా. పేషెంటు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుంటే, పళ్ళు దార్లో ఉన్నాయని డాక్టరెలా చెబుతాడు? స్కూటరు మనిషిని పెట్టుకోవాల్సి వస్తుంది."

ఇంటికొచ్చి కూలబడ్డాడు. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? ఇచ్చినా ఆయనకి వచ్చిన పని ఇదొక్కటే.

"రేపు ఏడున్నరకి వినపడాలంటే ఇవాళ ఏడున్నరకి కొట్టి ఉండాలి" అన్నాడు.

"ఇవాళ ఏడున్నరకి మీరెక్కడున్నారు?"

"పంక్చరు దగ్గర."

"ఏడూ ముప్పైఆరుకి?"

"టీచరు వెనకాల. కొట్టాను."

"అయితే రేపు ఏడూ ముప్పైఆరుకి వినపడుతుంది. సూపర్‌వైజర్ని ఆరు నిమిషాలు కబుర్లలో పెట్టండి."

"నాకు కబుర్లు రావే!"

ఆవిడ మిషను ఆపేసి ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ భయపడగా ఆయన చూడలేదు. ఏం చెయ్యాలో పాలుపోక, లేచి చొక్కా వేసుకుని, మళ్ళీ విప్పి, వంకీకి తగిలించాడు.

బుధవారం ఏడున్నరకి సూపర్‌వైజర్ పుస్తకం పట్టుకుని మలుపు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. నియమాల మనిషే గానీ చెడ్డవాడు కాదు.

"మీ బొటనవేలి సంగతి నాకు తెలుసండీ. మా బావమరిది తుమ్మితే ముందురోజు వినపడేది, ఏం చేస్తాం? కానీ పుస్తకంలో 'వినపడింది', 'వినపడలేదు' అని రెండే గళ్ళున్నాయి. కొట్టండి."

పళ్ళాయన కబుర్లు మొదలుపెట్టాలనుకున్నాడు. "ఎండ..." అన్నాడు. తర్వాత మాట రాలేదు. ఎండ ఏమైందో ఆయనకే తెలీలేదు.

"కొట్టండి."

కొట్టాడు. చప్పుడు లేదు.

"ఇంకాస్త గట్టిగా."

గట్టిగా నొక్కాడు. కాలవ నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చివరిసారి. బాగా, ఆపకుండా."

పళ్ళాయన బాధంతా బొటనవేల్లోకి తెచ్చుకుని, గోరు తెల్లబడేదాకా కొట్టాడు. కొడుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సూపర్‌వైజర్ చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని ఓపిగ్గా విని, "వినపడలేదు" అని రాశాడు. కింద సంతకం పెట్టమన్నాడు. పెన్ను పలకలేదు. విదిలించి, ఇంకో పెన్ను వెతికి, సంతకం పూర్తయ్యేసరికి ఏడూ ముప్పైఆరైంది. పొదల పక్కన ట్రింగు ట్రింగుమని బెల్లు గొల్లుమంది.

"అదిగో! వినపడింది!" అన్నాడు పళ్ళాయన.

"అది నిన్నటిదండీ. నిన్నటిది ఇవాళ్టి గడిలో ఎలా రాస్తాను?" అన్నాడు సూపర్‌వైజర్, నిజంగానే నొచ్చుకుంటూ.

గురువారం పళ్ళాయన డబ్బాలన్నీ సంచిలో వేసుకుని, భుజాన తగిలించుకుని నడిచి బయల్దేరాడు. అరగంట ముందే బయల్దేరినా సగం దారికే ఆయాసం వచ్చింది. నడిచేవాడిగా ఆయనకి ఈ బాట కొత్త. ఎవరు ఏ పక్కన నడుస్తారో, ఎవరిని ఎలా దాటాలో ఒక్కటీ అర్థం కాలేదు. సైకిలు మీద ఉన్నప్పుడు అందరూ వీపులే. ఇప్పుడు మొహాలు కనిపిస్తున్నాయి, అందరూ "అయ్యో, సైకిలేదీ?" అని అడుగుతున్నారు, సమాధానం చెప్పలేక చస్తున్నాడు.

మలుపు దగ్గరకొచ్చేసరికి ముందు ఎవరో చేతికి కట్టుతో నడుస్తున్నారు. లెక్కల టీచరే. ఎప్పట్లాగే బాట నడిమధ్యన. ఆవిడని దాటి వెళ్ళాలంటే పలకరించాలి. వెనకనుంచి పలకరిస్తే ఉలిక్కిపడుతుందేమో? దగ్గుదామా? దగ్గితే వెక్కిరించాననుకుంటే? క్షమించమని ఇంకోసారి అడగాలనుంది, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలీదు. ఆవిడ ఒక అడుగు వేస్తే ఈయన ఒక అడుగు, ఆవిడ ఆగితే ఈయన ఆగడం. సంచిలో పళ్ళు మాత్రం టకటకమంటున్నాయి.

అటుపక్క సూపర్‌వైజర్ స్తంభానికి నోటీసు అంటిస్తున్నాడు. అది తన గురించేనని పళ్ళాయనకి తెలుసు. చదవబుద్ధి కాలేదు.

సరిగ్గా ఏడున్నరైంది. బెల్లు మోగింది.

ఒకసారి చిన్నగా. రెండోసారి గట్టిగా. మూడోసారి ఆగకుండా, గుక్కపట్టి. టీచరు విసుగ్గా పొదల వైపు జరిగింది. జరుగుతూ, బాట మీద బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పళ్ళాయన్ని బాగున్న చేత్తో పట్టి ఇటు లాగింది. "బెల్లు కొడుతున్నారు, వినపడటం లేదూ?" అంది. సూపర్‌వైజర్ కూడా జిగురు డబ్బాతో సహా స్తంభం వెనక్కి నక్కాడు.

అప్పుడు మలుపు తిరిగిందో బ్యాటరీ సైకిలు. చప్పుడు లేదు, బెల్లు లేదు. మీద హెల్మెట్టు పెట్టుకున్న మనిషి, చెవుల్లో వైర్లు, చూపంతా హ్యాండిలుకి బిగించిన ఫోను మీద. లారీల రోడ్డు మీద వెళ్ళాల్సినంత జోరు. టీచరు నిలబడ్డ చోటు మీదుగా, అచ్చంగా ఆ చోటు మీదుగానే, బాణంలా దూసుకుపోయింది. ఆ గాలికి ఆవిడ చేతి కట్టు కొస ఎగిరింది. కొమ్మలు ఊగాయి. బండి కనుమరుగైపోయింది.

బెల్లు ఇంకా మోగుతూనే ఉంది. ముగ్గురూ అది ఆగేదాకా కదల్లేదు.

"ఇది నిన్నటి పరీక్షది" అన్నాడు సూపర్‌వైజర్. పుస్తకం తెరిచాడు. "వినపడలేదు" అన్న గడి దగ్గర వేలు పెట్టి, చాలాసేపు అలాగే చూశాడు.

టీచరు మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. పళ్ళాయన చెయ్యి ఇంకా వదల్లేదు. చివరికి అడిగింది. "ఇవాళ కొట్టావా?"

"లేదు టీచరుగారూ. సైకిలు ఇంట్లో ఉంది. తేవద్దన్నారు."

"మరి రేపో?"

సూపర్‌వైజర్ స్తంభం మీది నోటీసు చూశాడు. జిగురింకా ఆరలేదు. జాగ్రత్తగా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వాచీ చూసుకుని కంగారుపడ్డాడు.

"ఏడున్నర దాటి రెండు నిమిషాలైంది. రేపు మీరు రెండు నిమిషాలు ఆలస్యంగా నడవాలి టీచరుగారూ. ఏయ్, అమ్మా, ఆగండాగండి!"

డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికెళ్తున్న నర్సు కాలు కింద పెట్టి ఆగింది. సంగతి రెండు ముక్కల్లో చెప్పగానే, "దానిదేముంది, కొట్టుకోండి" అని హ్యాండిలు ఈయన వైపు తిప్పింది. వెనక వస్తున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే ఆగి చుట్టూ మూగారు.

పళ్ళాయనకి ఇదంతా కలో నిజమో తెలీలేదు. "నేను రేపు సైకిలు..." అని నసిగాడు.

"తెచ్చుకోండి, తెచ్చుకోండి. ముందు కొట్టండి" అన్నాడు సూపర్‌వైజర్.

బొటనవేలు ఆ కొత్త బెల్లు మీద ఆన్చి పళ్ళాయన నొక్కాడు. ఆపబుద్ధి కాక నొక్కుతూనే ఉన్నాడు. ఏ చప్పుడూ రాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. టీచరు తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని, చివరిదాకా వింది.

"ఇక చాల్లేవయ్యా" అంది. "అంత గట్టిగా అక్కర్లేదు."