గాలిలో నలుగురు ఉండరు

ఆదివారం ఉదయం. భీమిలి దారిలో ఒక ఇసుక తీరం. మూడు చక్రాల బండి ఒకటి సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంది. దాని వెనుక పెద్ద ఫ్యాను, ఇసుక మీద పరిచిన రంగుల గుడ్డ రెక్క. ఫ్యాను తిరిగితే రెక్క గాలి నింపుకుని లేస్తుంది, బండి నేల వదిలి ఎగురుతుంది. చూడటానికి ఆటవస్తువులా ఉన్నా చట్టం దృష్టిలో అదీ విమానమే. దాన్ని నడిపేవాడికి శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉండాలి, ఆరోగ్యం బాగుందని డాక్టరు పరీక్షించి ఇచ్చిన కాగితం ఉండాలి. అక్కడ ఆ రెండూ లేవు. చక్రాల కింద నిమ్మకాయలు మాత్రం ఉన్నాయి.

దైవాన్ని తలచుకుని పని మొదలుపెట్టడం మనకు తరతరాల అలవాటు. మంచి అలవాటే. అయితే మనం చేయవలసిన పని మానేసి, ఆ భారం కూడా దేవుడి మీద వేయడం భక్తి అవుతుందా? ఈ ప్రశ్న ఆ ఉదయం తీరంలో ఎవరికీ తట్టలేదు.

బండి యజమాని భీమశంకరరావుకు ద్వారకా నగర్‌లో సెల్‌ఫోన్ల షాపు ఉంది. సందర్శకులను గాలిలో తిప్పే వ్యాపారం కొత్తగా పెట్టాడు. నడిపేది వీరేంద్ర, పక్క ఊరి మత్స్యకారుల బిడ్డ. ఒక స్నేహితుడి దగ్గర చూసి నేర్చుకున్నాడు. ఆ స్నేహితుడి బండి మీద ఇంతవరకు ఎక్కించినవాళ్ళందరినీ క్షేమంగా దించాడు. ఆ ధైర్యమే అతని సర్టిఫికెట్.

ఈ కొత్త బండికి మొదటి ప్రయాణికురాలు శ్రీసత్య. ఆమె తండ్రి గంగాధరరావు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్‌ప్లాంటు ఉద్యోగంలో స్థిరపడ్డవాడు. కూతురి పుట్టినరోజని పెందుర్తి నుంచి తీసుకొచ్చాడు.

“లైసెన్సు గట్రా ఉన్నాయాండీ?” అని అడిగాడాయన.

“గాల్లో చెక్‌పోస్టు ఎక్కడుంది సార్, ఆపి అడగడానికి?” అన్నాడు భీమశంకరరావు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గంగాధరరావూ నవ్వేశాడు.

“మా తాతలు ఏ కాగితం సూపించి సముద్రానికెళ్ళారు సార్? గాలి మాకు కొత్తా ఏటి?” అన్నాడు వీరేంద్ర.

వాళ్ళ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్త పడవ నీళ్ళలోకి దిగే ముందు ఇంటి ఇల్లాలు దాని ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. అది జరగనిదే పడవ కదలదు. అందుకే వీరేంద్ర భార్య దుర్గ, పళ్ళెం పట్టుకుని అత్తగారు తవిటమ్మతో వచ్చింది. శ్రీసత్య ముందు సీట్లో బెల్టు బిగించుకుని కూర్చుంది. వెనుక సీట్లో వీరేంద్ర. దుర్గ బండి ముందుకు వచ్చి, ఆ అమ్మాయి ముఖం చూసి ఆగిపోయింది.

“ఏటే, అలగ సూత్తన్నావ్? బొట్టెట్టు,” అన్నాడు వీరేంద్ర.

“నానెట్టను.”

“అందరి ముందూ ఏటా మాట?”

“మొన్న అన్నం కాడ పడిపోయి కాళ్ళూ సేతులూ కొట్టుకున్నావ్. తల నా ఒళ్ళో ఎట్టుకున్నాను. అంతకుముందు నూతి కాడ పడ్డావ్. గాల్లో పడితే ఎవరి ఒళ్ళో ఎట్టుకుంటావ్ తల? ఈ పాప ముందుంటాది, ఎనక నీ కళ్ళు తేలిపోయినా దానికి తెలీదు.”

“అది ఉపాసం ఉండి కళ్ళు తిరిగాయంతే. నోరు మూసుకుని ఇంటికెల్లు.”

“అన్నం కాడ పడిన రోజు ఉపాసం లేవు కదా, మరి?”

భీమశంకరరావు కల్పించుకున్నాడు. “ముహూర్తం దాటిపోతోందమ్మా. డాక్టరు కాగితం నేను తెప్పిస్తాలే.”

“డాక్టరు సూడకుండా కాగితమెలగ వస్తాది బాబూ?” అంది తవిటమ్మ. ఆమె కొడుకు దగ్గరకు వచ్చి, బండి ఇనపగొట్టం పట్టుకుని నిలబడింది.

“తాతలు కాగితం లేకుండా ఎళ్ళారని అన్నావు. నిజవే. కాగితం లేదు గానీ నలుగురు సూసేవోళ్ళురా. మీ నాన్న దాలయ్యకి సూపు మందగించిందని ముందు నానే దాచాను. బోటోళ్ళు కనిపెట్టేసారు. ఒకనాడు పొద్దున్నే సుక్కాని సేతిలోంచి తీసేసుకుని బోటు మద్దిలో కూకోబెట్టారు. ఆయన ఏడిసాడు, రెండ్రోజులు అన్నం ముట్టలేదు. తరవాత ఆ మద్దిలోనే కూకుని వల లాగాడు, నిన్ను పెంచాడు. బోటులో నువ్వు పడిపోతే పట్టుకోడానికి నలుగురుంటారు. గాలిలో నలుగురు ఉండరు నాయనా. అందుకే ఆ సూసేదేదో నేల మీదే సూడమంటన్నారు గవర్మెంటోళ్ళు.”

వీరేంద్ర తన బెల్టు విప్పుకున్నాడు. తర్వాత దిగి ముందుకు వచ్చి, శ్రీసత్య బెల్టు తన చేతులతోనే విప్పాడు.

“దిగమ్మా. నాకు మూర్ఛ వస్తాది. నీకు సెప్పకుండా ఎక్కించాను.”

“పని పోతుందిరా, ఆలోచించుకో,” అన్నాడు యజమాని.

“పోతే పోనీ సార్. ఈ పాపని పోగొట్టి ఏ ఊళ్ళో బతుకుతాను?”

గంగాధరరావు కూతురి చేయి పట్టుకున్నాడు. “ప్లాంటులో హెల్మెట్ లేదని ఎంతమందిని వెనక్కి పంపానో, నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఒక నవ్వుకి లొంగిపోయానండి. తప్పు మీ ఒక్కరిదే కాదు,” అన్నాడు భీమశంకరరావుతో.

బండి ఆ రోజు ఎగరలేదు, ఆ నెలా ఎగరలేదు. భీమశంకరరావు కొన్నాళ్ళు గొణిగి, చివరకు అనుమతులు తెచ్చుకుని, సర్టిఫికెట్ ఉన్న మనిషిని కుదుర్చుకున్నాడు. వీరేంద్ర ఇప్పుడు మందులు వాడుతున్నాడు. తీరంలోనే ఉంటూ గాలి వాలు చూస్తాడు, ప్రయాణికులకు బెల్టులు కడతాడు. నువ్వు ఎగరవా అని ఎవరైనా అడిగితే దాచుకోడు.

“నాకు డాక్టరు ఒద్దన్నారండి. నడిపే ఆయన కాగితాలు ఆ బల్ల మీదున్నాయి, సూసి మరీ ఎక్కండి.”

అడగడం అవమానించడం కాదు, పరీక్షకు నిలబడటం చిన్నతనం కాదు. ఇంకొకరి ప్రాణాన్ని చేతిలోకి తీసుకునేవాడు ముందు ఆ చేతిని తెలిసినవారికి చూపించుకోవాలి.